కనిపెట్టినవాడికేనా దండ?

మా సింగరాయకొండలో నన్ను చూసిన ప్రతి పెద్దమనిషీ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమబ్బాయ్, టెక్నాలజీలో డాక్టరేటంట గదా, ఏ కంపెనీ?" కంపెనీ కాదు పెదనాన్నా, యూనివర్సిటీలో పాఠం చెబుతానంటే మొహంలో వెలుగు సగం తగ్గుతుంది. చెప్పేది కంప్యూటర్లు కాదు, సోషియాలజీ అంటే మిగతా సగమూ ఆరిపోతుంది. అక్కడితో వదిలినా బాగుండును. "మరి నువ్వు కనిపెట్టిందేంది?" అంటారు. నేనేదీ కనిపెట్టలేదు. ఎవరో కనిపెట్టినది మన చేనికీ, రేషను దుకాణానికీ, రిజిస్ట్రారు ఆఫీసుకీ వచ్చాక దాని పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి, అది చెడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, జవాబు చెప్పాల్సింది ఎవరు అన్నది నా చదువు. దీనికి జీతం కూడా ఇస్తారా అన్నట్టు చూస్తారు. ఇస్తారు, గంటల లెక్కన, అదీ నెలలు ఆలస్యంగా.

ఊళ్లోవాళ్ల మీద నాకు కోపం లేదు. పొగాకు అమ్మిన డబ్బుతో కొడుకుని ఇంజనీరింగులో చేర్చినవాళ్ల లెక్క వాళ్లది, అందులో తప్పు లేదు. నా గొడవ చదువుకున్నవాళ్లతోనే. సచివాలయాలతో, విశ్వవిద్యాలయాలతో, పత్రికలతో. యంత్రాన్ని తెచ్చినవాడికి శాలువా కప్పి, అది ఎవరికి మేలు చేసింది, ఎవరిని ముంచిందని లెక్క తీసినవాణ్ణి అభివృద్ధికి అడ్డంపడేవాడిగా జమకట్టే అలవాటుతో.

ఈ చదువు దేనికో గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1987-88 పత్తి పంట గుర్తు చేసుకుంటే చాలు. మా సింగరాయకొండ వైపు పొగాకుది పైచేయి. పత్తి జోరంతా ఉత్తరాన పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట నల్లరేగళ్లది. 1972లో వచ్చిన వరలక్ష్మి లాంటి హైబ్రిడ్లు, పొడుగు పింజ రకాలు ఆ నేలలకి చేరాయి. వాటి వెనకే ఎరువులు, పురుగుమందులు. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు దిగాయి. తొలి ఏళ్లలో ఆ మందు పడ్డ చేలో పురుగు కనపడితే ఒట్టు. తర్వాత తెల్లదోమ కమ్ముకుంది. దాన్ని అదుపులో పెట్టే మిత్రపురుగులు అప్పటికే మందుకి చచ్చిపోయి ఉన్నాయి. 1987కి శనగపచ్చ పురుగు కూడా లొంగడం మానేసింది. మందుని తట్టుకునే శక్తి దానికి ఎంత పెరిగిందో శాస్త్రజ్ఞులు ఆ తర్వాత మన కోస్తా పురుగుల్లోనే కొలిచి రాశారు. అది అచ్చయ్యేలోపు రైతు తనకి తెలిసిందే చేశాడు. పని చేయని మందుకి మోతాదు పెంచాడు, రెండు మూడు కలిపి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. మందు అరువు, ఎరువు అరువు, కౌలు అప్పు. ఆ ఏడు ఈ రెండు జిల్లాల్లో వరసగా జరిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని నివ్వెరపరిచాయి.

అప్పుడు వచ్చిన వివరణలు చూడండి. విచక్షణ లేకుండా కొట్టారని వ్యవసాయ శాస్త్రం అంది. అప్పులు ముంచాయని అర్థశాస్త్రం అంది. కల్తీ మందులని రాజకీయం అంది. ప్రతిదానిలో నిజం ఉంది. కానీ ఒక ప్రశ్న ఏ శాఖ కిందికీ రాలేదు. చేలో నిలబడి ఉన్న రైతుకి ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు అని సలహా చెబుతున్నది ఎవరు? మందులషాపు యజమాని. అమ్మకం మీద కమిషనూ అతనిదే, అరువు మీద వడ్డీ కూడా అతనిదే, సలహా కూడా అతనిదే. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ఏ మందు ఏ పంటకి రిజిస్టరయిందో చూస్తుంది, లైసెన్సు చూస్తుంది, శాంపిలు తీస్తుంది. కౌంటరు మీద రైతుకి ఏం చెబుతున్నారో చూడదు. లాం ఫారం 1922 నుంచీ గుంటూరు పక్కనే ఉంది, షాపు మాత్రం ఊరి సెంటర్లోనే ఉంది. ఒక శక్తిమంతమైన వస్తువుని సమాజంలోకి వదిలి, దాన్ని వాడే తీరు నేర్పే బాధ్యతని అమ్ముకునేవాడికి ఒప్పజెప్పారు. టెక్నాలజీ పాలన అని మేం అనేది దీన్నే. దాన్ని గురించి అడిగే ఉద్యోగం అప్పుడు ఒకరికి ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గానీ, అడిగే ఉద్యోగమే లేదన్నది మాత్రం వాస్తవం.

ఆ ప్రశ్నని ఇంకా వెనక్కి తీసుకెళ్లినవాడు సి. శంబుప్రసాద్ అనే పరిశోధకుడు. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావుల తర్వాత ఆయన 1999 జనవరిలో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. ఆత్మహత్యలకీ భారతీయ పత్తి నాణ్యతకీ ఉన్న సంబంధాన్ని టెక్నాలజీ చరిత్ర నుంచి, ఖాదీ ఉద్యమం నుంచి చూసిన వ్యాసం అది. చదివిన రోజు నుంచీ పత్తి చేనుని నేను చూసే తీరు మారిపోయింది. వాదన స్థూలంగా ఇది. మన నేలలో పుట్టిన పొట్టి పింజ పత్తి చేతి వడుకుకి సరిపోయేది, పురుగుని తట్టుకునేది. లాంకషైర్ మిల్లుల కదుళ్లకి పొడుగు పింజ కావాలి. కాబట్టి అమెరికన్ పత్తి నాణ్యమైనదయింది, మనది నాసిరకమయింది. నాణ్యత అనే కొలతబద్దని తయారుచేసింది రైతూ కాదు, నేతగాడూ కాదు, దూరాన ఉన్న నూలు యంత్రం. ఆ యంత్రం ఆకలి తీర్చడానికి వేసిన విత్తనంతో వచ్చిన పురుగు భారం మాత్రం చేనువాడిది. పురుగుమందు దగ్గర మొదలయిందని మనం అనుకునే కథ నిజానికి వందేళ్ల ముందు మొదలయింది.

ఇది ఇంజనీరూ చెప్పలేని సంగతి, వ్యవసాయాధికారీ చెప్పలేని సంగతి. యంత్రం లోపలా, చరిత్ర లోపలా రెండింటా తలదూర్చినవాడికే కనపడుతుంది. అలాంటి ఆలోచనల నుంచే చేనేత కోసం పనిచేసే ఉజ్రమ్మ, దస్త్కార్ ఆంధ్ర మిత్రులు పత్తిని బేళ్లు కట్టి బిగించి మళ్లీ విప్పే పని లేకుండా ఊరి దగ్గరే వడికి నేసే మల్ఖా బట్టకి ప్రాణం పోశారు. మన ఊళ్లలో మల్ఖా చీర కట్టినవాళ్లయినా కనిపిస్తారేమో గానీ, శంబుప్రసాద్ వ్యాసం చదివిన పత్తి రైతు నాకు ఇంతవరకూ తారసపడలేదు. అది తెలుగులో ఉంటే గదా!

బీటీ పత్తి గురించి ఇప్పటికే బోలెడు రాశారు, నేను పొడిగించను. ఒక్క సంగతి. 2002 మార్చిలో దానికి కేంద్రం అనుమతిచ్చింది. 2005లో మహికో కంపెనీ వాళ్ల మూడు తొలి రకాలకి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం విత్తనం ధర మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కి వెళ్లింది. 1,850 రూపాయల ప్యాకెట్ 750కి దిగింది. మరుసటి ఏడు రాష్ట్రం పత్తి విత్తన ధరల మీద సొంత చట్టమే చేసుకుంది. గింజలో జన్యువు మారలేదు, మారింది నియమం. రైతు జేబులో ఒక్కో ప్యాకెట్‌కి పదకొండు వందలు మిగిల్చింది ఏ ప్రయోగశాలా కాదు. అయినా ఆ ఏళ్లలో బీటీ మీద జరిగిన ప్రతి టీవీ చర్చలో శాస్త్రజ్ఞుడూ, కంపెనీ మనిషీ, రైతు నాయకుడూ కూర్చున్నారు. నియమాలు ఎలా పుడతాయో చదివినవాడికి కుర్చీ వేసిన గుర్తు నాకు లేదు.

చేను వదిలి ఆఫీసుకి వద్దాం. కంప్యూటరుతో లంచం పోతుందన్న నమ్మకం మన రాష్ట్రంలో బలంగా నాటుకున్నది 1998లో, రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం వచ్చినప్పుడు. దస్తావేజు గంటలో చేతికొస్తుందన్నారు. దేశదేశాల వాళ్లు వచ్చి చూసి మెచ్చుకున్నారు. 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు దాన్ని దగ్గరగా చూసి, అదంతా పైపూత అని వీక్లీలోనే రాశాడు. బల్ల మీద కంప్యూటరు వచ్చింది, బల్ల కింద వ్యవహారం ఎప్పటిలాగే సాగింది, మధ్యవర్తీ అక్కడే ఉన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు గడప తొక్కిన ప్రతివాడికీ ఇది అనుభవంలో ఉన్నదే. అయితే అనుభవం వేరు, ఆధారం వేరు. అనుభవాన్ని ఆధారంగా మార్చి ప్రభుత్వం ముందు పెట్టడమే ఈ చదువు చేసే పని. మెచ్చుకున్నవాళ్ల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, కేస్లీ పేరు ఏ తెలుగు పత్రికలోనయినా వచ్చిందేమో మీరే చెప్పాలి.

విమర్శించడమే మా పని అనుకుంటారు. అది కూడా అన్యాయమే. ఉపాధి కూలీకీ, పింఛనుకీ వేలిముద్ర స్మార్ట్‌కార్డు పెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే అర్థశాస్త్రజ్ఞులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో, 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా మధ్య దాన్ని పరీక్షించారు. డబ్బు త్వరగా అందింది, దిగమింగడం తగ్గింది, ఎవరి పనీ ఊడలేదు అని 2016లో ప్రచురించారు. మంచి చేస్తే మంచి చేసిందనే రాశారు. తర్వాత అదే ముగ్గురు ఝార్ఖండ్‌లో రేషను దుకాణాల ఆధార్ వేలిముద్రని పరిశీలించారు. అక్కడ సగటున దొంగతనం తగ్గలేదు సరికదా, కార్డుకి ఆధార్ జతపడని ఇళ్లకి అందాల్సినదానిలో కోత పడింది. అక్కడా వేలే, ఇక్కడా వేలే. మన దగ్గర కార్డు లేనివాడికి కూడా డబ్బు ఇచ్చే దారి తెరిచి ఉంచారు. అక్కడ దారి మూశారు. ఫలితాన్ని తేల్చింది యంత్రం కాదు, యంత్రం పని చేయనప్పుడు ఏం చేయాలో చెప్పే ఆ ఒక్క నిబంధన. కోట్ల రూపాయల టెండరు పత్రంలో ఆ నిబంధన ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది. దాన్ని చదివే మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవడానికి మనకి డబ్బుండదు.

పెట్టుకోకపోతే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ పేర్లనీ వాహనాలనీ ఆస్తులనీ జతపరిచి ఎవరు పేద, ఎవరు కాదు తేల్చేది. ఒకరి కారు ఇంకొకరి పేరున చూపిస్తే కారు లేనివాడి బియ్యం ఆగిపోయేవి. 2016 నుంచి రద్దయిన 19 లక్షల దాకా రేషను కార్డులని మనుషుల్ని పంపి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు నడిపింది హైదరాబాద్ కార్యకర్తలు. ముందే పరీక్షించి ఉంటే కోర్టు దాకా వెళ్లేది కాదు గదా అన్నది చిన్నపిల్లవాడికైనా తడుతుంది. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తే వందలమంది సబ్‌పోస్ట్‌మాస్టర్లకి దొంగలుగా శిక్షపడింది. ఆ శిక్షలని మూకుమ్మడిగా కొట్టేయడానికి 2024లో అక్కడి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. తప్పు దిద్దుకోవడానికి ధనిక దేశానికే ఏళ్లకేళ్లు పట్టింది.

ఉపాధి పనుల దగ్గర రోజుకి రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లో పెట్టాలన్న నియమం 2023 జనవరి నుంచి దేశమంతా తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చెరువుగట్టు మీద మధ్యాహ్నం రెండో ఫొటో కోసం పని అయిపోయినా కూర్చున్న ఆడకూలీలని అడిగితే చెప్పేవాళ్లు దాని సంగతి. 2025 జులైలో కేంద్ర మంత్రిత్వశాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకుంది, సంబంధం లేని ఫొటోలు, ఫొటోకి తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని. దొంగని పట్టడానికి పెట్టిన యాప్‌ని దొంగ దాటేశాడు, కూలి మాత్రం ఎండలో కూర్చుంది. ఈ మాట మొదటి నెలలోనే చెప్పిన పరిశోధక మిత్రులు నాకు తెలుసు. వాళ్లలో పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాడు ఒక్కడూ లేడు.

రేడియో కథ ఇంకా బాగుంటుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ల దగ్గర 1990ల చివరికే స్టూడియో ఉంది, రికార్డు చేయడం వచ్చు, చెప్పాల్సిన విత్తనాల కబుర్లు కొల్లలుగా ఉన్నాయి. గాలిలోకి వదలడానికి మాత్రం లైసెన్సు లేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, పదేళ్లపాటు వాళ్లు క్యాసెట్లు ఊరూరా మోసుకెళ్లి వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకి 2006లో అనుమతి వచ్చింది. 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలయింది. దళిత స్త్రీలే నడిపిన స్టేషను. ఆ పదేళ్లలో అనుమతుల కోసం వాదించినవాళ్లలో, ఎందుకు ఇవ్వాలో పుస్తకాలు రాసి చెప్పినవాళ్లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు వినోద్ పావురాల ఒకరు. కాంచన్ మలిక్‌తో కలిసి 2007లో కమ్యూనిటీ రేడియో పోరాటం మీద పుస్తకం తెచ్చారు. 2011లో యునెస్కో ఆ విషయం మీద ఆయనకి పీఠం ఇచ్చింది. ట్రాన్స్‌మిటర్ తయారుచేసినవాడి గొప్ప నేను కాదనను. అది పదేళ్లు మూగగా పడి ఉంది కదా, దాన్ని మాట్లాడించిన చదువుకి పేరేమిటి మరి? యునెస్కో గుర్తించిన మనిషిని మన ఊరి పిల్లల పోటీపరీక్షల పుస్తకంలో ఎక్కడయినా చూపించండి.

అదే విశ్వవిద్యాలయంలో ఇ. హరిబాబు సోషియాలజీ ఆచార్యుడిగా ఉండి, వరి మీద పనిచేసే మాలిక్యులర్ బయాలజీ వాళ్లూ, పొలంలో సంకరాలు చేసే ప్రజనన శాస్త్రజ్ఞులూ ఒకే మొక్కని ఎంత వేరుగా చూస్తారో 2000లో ఒక జీవశాస్త్ర పత్రికలో రాశారు. సోషియాలజీ మనిషి జీవశాస్త్రజ్ఞుల పత్రికలో రాసి ఒప్పించాడంటే చిన్న సంగతి కాదు. విశ్వవిద్యాలయాల బయటా ఇలాంటి పని జరిగింది. 2001 జూన్‌లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు అనే పేరుతో ఒక విచారణ నడిచింది. రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 పత్రం చెప్పిన వ్యవసాయ భవిష్యత్తు మీద సన్నకారు రైతులు, ఎక్కువమంది దళిత స్త్రీలు, జ్యూరీగా కూర్చుని అధికారులనీ కంపెనీలవాళ్లనీ సాక్షులుగా పిలిచి అడిగారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు, మనుషుల్ని పొలం నుంచి తరిమే యంత్రీకరణ వద్దన్నారు. తీర్పుతో మీరు ఏకీభవించనక్కర్లేదు. నాకూ కొన్నిచోట్ల అభ్యంతరం ఉంది. కానీ టెక్నాలజీ రాకముందే దాన్ని వాడబోయేవాళ్లని కూర్చోబెట్టి అడగడం అనే పని మన గడ్డ మీద జరిగింది, దాని నివేదిక మీద లండన్‌లో పెద్ద రగడ నడిచింది, మనం మరిచాం. హైదరాబాద్ కేంద్రంగా నాలెడ్జ్ ఇన్ సివిల్ సొసైటీ అనే వేదిక, హింద్ స్వరాజ్‌కి నూరేళ్లు నిండిన సందర్భంలో, శాస్త్ర సాంకేతికాల మీద నాలెడ్జ్ స్వరాజ్ అనే ప్రణాళికాపత్రమే రాసింది. నెదర్లాండ్స్ పరిశోధకులు దాన్ని చదివి చర్చించారు. అమరావతిలో చదివినవాళ్లుంటే నమస్కారం పెడతాను.

ఇక మా విశ్వవిద్యాలయాల తీరు. నియామకాల ప్రకటన వస్తే, అది వచ్చిన ఏడాది, మీ డిగ్రీ సంబంధిత సబ్జెక్టులో ఉందా అంటారు. సోషియాలజీ వాళ్లకి మేం యంత్రాల మనుషులం. ఇంజనీరింగ్ వాళ్లకి కథలు చెప్పేవాళ్లం. ఒక ఇంటర్వ్యూలో నా సిద్ధాంతగ్రంథం పేరు చదివి నవ్వుకున్న పెద్దలు, చివరికి నన్ను అడిగింది ఎక్సెల్ వచ్చా అని. వచ్చు. ఇంజనీరింగ్ కాలేజీల్లో విలువల పాఠం అని ఒకటి ఉంటుంది. ఆ క్లాసు ఖాళీగా ఉన్న లెక్చరరెవరికైనా అంటగడతారు, పరీక్ష ముందు గైడు చదివి పిల్లలు పాసవుతారు. లక్షలమంది సాఫ్ట్‌వేర్ రాసే పిల్లల్ని ఎగుమతి చేసే రాష్ట్రంలో, ఆ సాఫ్ట్‌వేర్ మనుషుల్ని ఏం చేస్తుందో చెప్పే క్లాసు గతి అది. హార్వర్డ్‌లో ఇదే విషయం చెప్పే షీలా జాసనాఫ్‌కి, కోల్‌కతాలో పుట్టినావిడకి, 2022లో హోల్బర్గ్ బహుమతి ఇచ్చింది నార్వే. ఆవిడ మన రాష్ట్ర విశ్వవిద్యాలయంలో దరఖాస్తు పెడితే మొదటి వడపోతలోనే పోతుంది. ఆవిడ చదువు గణితం, భాషాశాస్త్రం, న్యాయం. సంబంధిత సబ్జెక్టు ఏది మరి?

తెలుగులో ఎందుకు రాయరని అడిగేవాళ్లున్నారు, న్యాయంగానే. రాస్తే లెక్కకి రాదు గనక. యూజీసీ 2019లో కేర్ జాబితా పెట్టింది, అందులో ఉన్న పత్రికకే మార్కు అంది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాని ఎత్తేసి, మంచి పత్రిక ఏదో మీరే తేల్చుకోండని విశ్వవిద్యాలయాలకి వదిలింది. ఈలోపు ఆరేళ్లు ఒక తరం పరిశోధకులు తమ ఊరి సంగతి తమ ఊరికి అర్థంకాని భాషలో రాసి ప్రమోషను తెచ్చుకున్నారు, లేదా ఊరికే రాసి తెచ్చుకోలేకపోయారు. దాని నష్టం ఎవరికో చూడండి. నల్ల తామరపురుగు 2021-22లో మిరపని ఊడ్చేసినప్పుడు షాపుల్లో బయో అన్న పేరుతో ఏవేవో సీసాలు వేలకి అమ్మారు. ఆ బయో ఉత్పత్తులలో కొన్నింటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది అదే 2021లో. అంటే అంతకుముందు అవి ఏ చట్టం కిందా సరిగ్గా లేవన్నమాట. ఈ నాలుగు వాక్యాలు మిరప రైతుకి తెలుగులో చెప్పాల్సిన మనిషికి జీతం ఇచ్చే పద్దు ఒక్కటీ బడ్జెట్‌లో లేదు. 1987లో కౌంటరు దగ్గర లేని ఆ మనిషి 2021లో కూడా లేడు.

ఇప్పుడు వస్తున్నది చిన్న సరుకు కాదు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో రాష్ట్ర ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి, మొదట 161. కరెంటు బిల్లు కట్టడం తేలికయింది, నిజం, నేనూ వాడుతున్నాను. ఆ మాటామంతీ సమాచారం ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటుందన్న ప్రశ్న కూడా అంతే నిజం. అదే ఏడు అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ కేంద్రం కడతానంది. నీళ్లెన్ని, కరెంటెంత, స్థానికులకి ఉద్యోగాలెన్ని అని ముందే లెక్క తీయాల్సిన పని. మా పక్కనే రామాయపట్నం పోర్టు లేస్తోంది. పాకల తీరంలో వలలు వేసే బెస్తవాళ్లకి ఓడల దారి ఎక్కడ గీస్తారో ఎవరు విప్పి చెబుతారు? ఇంజనీర్లు చెప్పరు, అది వాళ్ల పని కాదు. నాయకులు చెప్పరు, అది వాళ్లకి తెలియదు.

కాబట్టి అడుగుతున్నాను. బతిమాలడం కాదు, బాకీ అడగడం. రాష్ట్రంలో ప్రతి విశ్వవిద్యాలయంలో ఈ చదువుకి రెండు పర్మినెంటు పోస్టులు ఇవ్వండి. సంబంధిత సబ్జెక్టు అనే గొళ్లెం తీయండి. తెలుగులో అచ్చయిన పరిశోధనకి ఇంగ్లీషు దానితో సమానంగా మార్కు వేయండి. పేదవాడి బియ్యం, కూలి, పింఛను, పట్టా ముట్టుకునే ఏ యాప్ అయినా రాష్ట్రమంతా వదిలే ముందు నాలుగు మండలాల్లో బయటివాళ్ల చేత పరీక్ష చేయించండి. ఆ నివేదికని తెలుగులో గ్రామ సచివాలయం గోడకి అంటించండి. దానికయ్యే ఖర్చు ఆ యాప్ ప్రారంభోత్సవం ప్రకటనల ఖర్చుకి మించదు.

చదివేవాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగ్ అయ్యాక, యంత్రం చేయడం కాదు నాన్నా, అది మనుషుల్ని ఏం చేస్తుందో చదువుతాను అంటే, ముందు ఏ కంపెనీ అని అడగకండి. ఏ ఊరికి వెళ్తున్నావు, ఎవరిని అడగబోతున్నావు అని అడగండి. మీ ఊరికే రమ్మనండి.